చెలకకు చెరువు పడ్డ బాకీ

గట్టి వాన వెలిసిన మర్నాడు జనగామ జిల్లా కొడకండ్ల, పాలకుర్తి, దేవరుప్పుల వైపు మెట్ట చెలకలను చూస్తే నేల ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఎర్రటి సన్నమట్టి నీటిలో కలిసి వాలు వెంట జారిపోతుంది. వెనక గరుకు ఇసుక, గులకరాళ్లు, కోత ఎక్కువైన చోట మొరం మిగులుతాయి. గ్రానైటు జాతి రాళ్లు చివికి తయారైన ఈ నేలల్లో బంక తక్కువ, కుళ్లిన ఆకూ అలమూ ఇంకా తక్కువ. పోసిన నీరు నిలవదు, వేసిన ఎరువు ఆగదు. ఇట్లాంటి నేల ఒకసారి బోడిదైతే గింజలు చల్లినంత మాత్రాన పచ్చబడదు; వానకు మొలిచింది వాన ఎగ్గొట్టగానే మాడిపోతుంది. దీనికి ఇప్పుడు అంగట్లో ఒక మందు దొరుకుతోంది. హ్యూమిక్ ఆమ్లం, సముద్రపు నాచు సారం, వేళ్లను అంటుకొని బతికే శిలీంధ్రాల వంటివాటిని గుళికలుగా చేసి, నెలల తరబడి కొద్దికొద్దిగా నేలకు అందేట్టు అమ్ముతున్నారు. వీటిని బయోస్టిమ్యులెంట్లు అంటున్నారు. నేలకు ఒక్కసారే కుమ్మరించకుండా మెల్లగా తినిపించాలన్న ఆలోచన సరైనదే. అయితే ఈ గడ్డకు అది కొత్తది కాదు. చెరువు మట్టి, గొర్ల మంద, పచ్చిరొట్ట అనే మూడు రూపాల్లో ఆ పని ఇక్కడ చాలాకాలం నడిచింది. ఎందుకు నడిచింది, ఎక్కడ ఆగింది అని వెతికితే తేలేది ఒక్కటే: మెల్లగా పనిచేసే పదార్థానికి ఎక్కువకాలం నిలిచే ఒప్పందం, ఎక్కువకాలం నిలిచే హక్కు తోడుండాలి. అవి లేనిచోట ఎంత మంచి పదార్థమైనా సంచిలోనో చెరువు అడుగునో ఉండిపోతుంది.

ముందు చెరువు సంగతి. వరంగల్లు చుట్టూ ఉన్న ఎర్రనేలల్లో వ్యవసాయం విస్తరించింది కాకతీయుల కాలపు చెరువుల వెంటే. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ కట్టించింది. కాకతీయుల వంశావళి తెలుసుకోవడానికి చరిత్రకారులు ఆశ్రయించే ఆధారాల్లో ఆ చెరువు శాసనం ముఖ్యమైనది. పాఖాల చెరువు జగదాల ముమ్మడి కట్టించినది. పాలంపేటలో 1213 నాటి గుడితో పాటు రామప్ప చెరువు రేచర్ల రుద్రుడి పేరు నిలబెట్టింది. భూపాలపల్లి జిల్లా ఘనపురంలో కోటగుళ్ల దగ్గర మరో పెద్ద చెరువుంది. చెరువు తవ్వించడం, వనం నాటించడం రెండూ సప్తసంతానాల్లోనివే. కొడుకును కన్నంత పుణ్యం అన్నమాట. కట్టించినవారికీ బాగు చూసేవారికీ ఆయకట్టులో వాటా ఇచ్చే దశబంధం ఉండేది. తూము తెరిచి మూసే నీరటికాడికి ఊరి పంటలో భాగం ఉండేది. శాసనాలు కట్టించినవారి పేర్లను, ఇచ్చిన భూములను లెక్కగా చెబుతాయి గాని ఎండాకాలం మట్టి తోలిన బండ్ల లెక్క వాటికి ఎక్కలేదు. కాబట్టి పూడిక మట్టిని చెలకకు తోలే ఆచారం ఫలానా రాజు నాడు మొదలైందని చెప్పలేం. చెరువు కట్టు తీరును బట్టి మాత్రం ఒకటి చెప్పగలం. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు దుంకితే నీరు కింది చెరువుకు పోతుంది. ఈ గొలుసులో ప్రతి చెరువూ పైనున్న చెలకల మట్టిని పట్టి ఆపుతుంది. పూడిక తీయకపోతే చెరువు చస్తుంది, తీస్తే ఎక్కడో పోయాలి. పోయడానికి పొలాన్ని మించిన చోటు లేదు.

ఇక్కడే బాకీ మాట వస్తుంది. చెరువు అడుగున పేరుకున్న నల్లమట్టి ఆకాశం నుంచి రాలింది కాదు. పైవాలులోని చెలకలు, బంచరాయి అనే ఊరి మేతనేల, గుట్టల పాదాలు పోగొట్టుకున్న సన్నమట్టే అది. దానికి పశువుల పెంట, రాలిన ఆకు, నీటి నాచు కలిసి నల్లబడింది. చెలక పోగొట్టుకున్నది బంకనూ సేంద్రియ పదార్థాన్నీ. చెరువు దాచుకున్నదీ వాటినే. ఉగాది దాటి చెరువు ఎండిన తర్వాత, మిర్గం రాకముందు ఈ మట్టిని తవ్వి చెలకలో కుప్పలు పోస్తారు. ఎండకు పెళ్లలు పగిలి, తొలకరికి నాని, దున్నినప్పుడు కలిసిపోతాయి. ఆ తర్వాత పని నిదానంగా సాగుతుంది. బంక రేణువులు నీటిని పట్టుకుంటాయి. పొటాష్, అమ్మోనియా వంటి పోషకాలను తమకు అంటించుకొని వేళ్లు అడిగినప్పుడు వదులుతాయి. కుళ్లిన పదార్థంలో చిక్కుకున్న నత్రజనిని సూక్ష్మజీవులు విడగొట్టినకొద్దీ పంటకు అందుతుంది. అందుకే ఒకసారి కొట్టిన మట్టి ఫలితం ఒక్క పంటతో అయిపోదు, కొన్నేళ్లు కనబడుతుంది. ఇప్పటి కంపెనీలు గుళిక పైపూతతో సాధించే నిదానాన్ని ఇక్కడ బంకమట్టి తన గుణంతోనే ఇచ్చింది. ఏ మట్టైనా పనికిరాదన్నదీ తెలిసిన సంగతే. చౌడు తేలే మట్టిని వదిలేస్తారు. నల్లరేగడిలో బంకమట్టి పోస్తే నీరు ఇంకా ఎక్కువ నిలిచి నష్టం. ఇసుక చెలకకే ఇది మందు.

రెండో రూపం గొర్ల మంద. కోతలైన తర్వాత గొల్లలు, కురుమలు తమ మందలను రైతు చెలకలో రాత్రిపూట పడుకోబెట్టేవారు. దానికి రైతు ధాన్యమో డబ్బో ముట్టజెప్పేవాడు. మంద పెట్టించుకున్న చెలక ఆ ఏడు ఎట్లా పండుతుందో చూసి పక్క రైతు మరుసటి ఏటికి ముందే మాట్లాడుకునేవాడు. ఇందులో రెండు వేగాలున్నాయి: మూత్రంలోని నత్రజని తొందరగా అందుతుంది, పిడచగట్టిన పెంట మెల్లగా కరుగుతుంది. బోడినేల దృష్టితో చూస్తే మరో లాభమూ ఉంది. మేకలూ గొర్రెలూ తుమ్మకాయలు తిని గింజలను పెంటతో పాటు వదులుతాయి. కడుపులో నానిన గింజ పైతొక్క మెత్తబడి తేలిగ్గా మొలుస్తుంది. అంటే విత్తనమూ దాని మొదటి ఎరువూ ఒకే ముద్దలో నేలకు చేరతాయి. మూడో రూపం పచ్చిరొట్ట. గట్ల మీది కానుగ కొమ్మ నరికి మడిలో తొక్కడం, వెంపలి, జిల్లేడు కోసి వేయడం, జనుము, జీలుగ చల్లి పూతకు రాగానే దున్నేయడం ఇందులోకి వస్తాయి. వెంపలి గుర్తుంచుకోవలసిన మొక్క. పశువు పెద్దగా ముట్టని ఈ చిన్న మొక్క బీడు మీద మొదట లేచేవాటిలో ఒకటి. వేళ్ల బుడిపెల్లో నత్రజనిని నిల్వచేసి, తర్వాత వచ్చే గడ్డికి దారి వేస్తుంది. మొరం నేల మీద పసుపుపచ్చగా పూసే తంగేడు కూడా ఇట్లా ముందు వచ్చే మొక్కే. తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుంది. బీడుకు పచ్చదనం ఒక వరుసలో వస్తుంది. మొదట గట్టి మొక్కలు, వాటి నీడలో గడ్డి, ఆ పైన చెట్టు. ఈ వరుసను తొందరపెట్టడానికే మట్టీ పెంటా పనికొచ్చాయి.

ఇదంతా ఒక్క తెలంగాణ గొప్ప కాదు. అమెరికా నేల శాస్త్రవేత్త ఎఫ్. హెచ్. కింగ్ 1909లో చైనా, కొరియా, జపాన్ తిరిగి వచ్చి రాసిన పుస్తకం 1911లో వెలువడింది. చైనా రైతులు కాలువల అడుగు బురదను తవ్వి పొలాలకూ మల్బరీ తోటలకూ మోయడాన్ని అందులో వివరంగా వర్ణించాడు. నెదర్లాండ్స్, ఉత్తర జర్మనీ ఇసుక నేలల్లో గడ్డిపెళ్లలను కొట్టంలో పశువుల కింద పరిచి, పెంటతో కలిపి శతాబ్దాల పాటు పొలాల మీద పోయగా పోయగా ఒక కొత్త మట్టిపొరే తయారైంది. మన దగ్గరికి బ్రిటిష్ ప్రభుత్వం పంపిన వ్యవసాయ రసాయనవేత్త జాన్ ఆగస్టస్ వోల్కర్ 1893 నివేదికలో భారతీయ రైతుకు తెలివి లేదన్న మాటను కొట్టిపారేశాడు. పెంట పొలానికి పోకుండా పిడకలై పొయ్యిలోకి పోవడానికి కారణం వంటచెరకు కరువేనని, ఊళ్ల దగ్గర కట్టెకూ మేతకూ వనాలు పెంచాలని చెప్పాడు. ఆ మాటలో ఒక విషవలయం దాగి ఉంది. చెట్టు లేక పెంట కాలిపోతుంది, పెంట లేక నేల బోడిదవుతుంది, నేల బోడిదై చెట్టు రాదు. చైనాలో, నెదర్లాండ్స్ వైపు, మన చెరువుల దగ్గర జరిగింది ఒక్కటే: ఒకచోట పేరుకున్న సత్తువను ఇంకోచోటికి మోశారు. మోసిన చేతులు ఎవరివి, మోసినందుకు వారికి ఏం దక్కింది అన్నది అసలు ప్రశ్న.

గట్టి అభ్యంతరం ఒకటి ఇక్కడే ఎదురవుతుంది. పాత పద్ధతి గురించి ఇంత మురిపెం ఎందుకు, అది వెట్టి మీద నడిచిన కాలం కాదా అని ఎవరైనా అడగవచ్చు. కొడకండ్ల పక్కనే నిలబడి ఈ ప్రశ్నను దాటేయడం కుదరదు. విసునూరు దేశ్‌ముఖ్ చేతిలో 40 వేల ఎకరాలున్నట్టు కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో నమోదు చేశాడు. ముందు దొర భూమి దున్ని ఆ తర్వాతే రైతు తన భూమిలోకి అడుగుపెట్టవలసిన రోజులవి. బండీ ఎడ్లూ కూడా ముందు గడీకే పోయేవి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకి గుండుకు నేలకొరిగిన దొడ్డి కొమరయ్య గొర్రెలు కాసే కురుమ ఇంటివాడు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ పోరాడింది కౌలుకు చేసుకున్న నాలుగెకరాల పంట కోసం. ఆ కాలంలో చెరువు మట్టి ముందు ఎవరి పొలానికి పోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అభ్యంతరం నిజమే. అయితే అది నా వాదనను బలపరుస్తుంది. రేపు భూమి తనది ఉంటుందో ఉండదో తెలియని కౌలుదారు ఈ ఏడు ఫలితమిచ్చే యూరియా అయితే వేస్తాడు గాని, మూడేళ్లపాటు కొద్దికొద్దిగా ఫలమిచ్చే మట్టిని ఎందుకు మోస్తాడు? మోస్తే రెండో ఏటి సత్తువ దొరకు, మూడో ఏటి సత్తువ దొరకొడుకుకు పోతుంది. మెల్లగా తినిపించే పద్ధతికి వెట్టి పునాది కాలేదు. వెట్టే దాని ఎదుగుదలను అడ్డుకుంది. పోరాటం తర్వాత వచ్చిన 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. నేల చరిత్ర వైపు నుంచి చూస్తే దాన్ని భూసార చట్టంగా కూడా చదవవచ్చు.

హక్కు కొంత చేతికొచ్చేసరికి పద్ధతి చేజారడం ఈ కథలోని విషాదం. కరెంటు మోటారు, బోరు, సంచిలో వచ్చే ఎరువు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. బోరున్న రైతుకు చెరువు నిండినా ఎండినా ఒకటే అయింది. ఊరంతా కలిసి చూసుకోవలసిన కట్టా తూమూ ప్రభుత్వ శాఖ పనిగా మారాయి. బంచరాయిలు తగ్గి మందలకు మేత కరువైంది, ట్రాక్టరు వచ్చి ఇంట్లో పెంట తగ్గింది. ఎర్ర చెలకల్లోకి పత్తి వచ్చింది. 1997-98లో వరంగల్లు జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. వాటి వెనక పురుగు, అప్పు, నకిలీ మందు, ధర ఉన్నాయి. అన్నిటికీ నేల సారమే కారణమనడం తప్పు. కానీ నీటిని పట్టుకోలేని నేల మీద ఖరీదైన పెట్టుబడి పెడితే పది రోజుల ఎండ కూడా అప్పుగా మారుతుందన్నది ఆ ఏళ్లు చూపిన పాఠాల్లో ఒకటి. తొందరగా కరిగే యూరియా విషయంలో ప్రభుత్వం కూడా చివరికి నిదానం దారే పట్టింది. 2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేసింది. నత్రజని నేలలో మెల్లగా మారాలన్నది ఆ పూత వెనకున్న శాస్త్రం.

అదే 2015లో మార్చి 12న మొదలైన చెరువుల పథకం మిషన్ కాకతీయ పాత బాకీని పెద్ద ఎత్తున మళ్లీ లెక్కలోకి తెచ్చింది. రాష్ట్రంలో 46,531 చెరువులూ కుంటలూ ఉన్నాయన్న లెక్కతో, ఏటా ఐదో వంతు చొప్పున బాగుచేయాలన్న లక్ష్యంతో అది బయలుదేరింది. తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది, పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. అంతకుముందే పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మెదక్ జిల్లా చెరువుల మట్టిని పరీక్షించి, దానిలోని పోషకాల విలువతో పోలిస్తే పూడిక తీసి పొలానికి చేర్చడం గిట్టుబాటేనని 2003 నివేదికలో చెప్పింది. మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా ఎనిమిది జిల్లాల్లో నడిపిన జీవనోపాధుల ప్రాజెక్టుకు వరంగల్లు జిల్లాలో ఎంచుకున్న చోటు జఫర్‌గూడెం; అక్కడ చేపట్టిన పనుల్లో చెరువు మట్టి కూడా ఉంది. దీనికి ఎదురుగా ఒక శాస్త్రీయ అభ్యంతరం వినిపిస్తుంది: టన్ను మట్టిలో ఉండే నత్రజని కొద్దే, దానికోసం ట్రాక్టర్లు తిప్పడం కన్నా ఒక సంచి యూరియా చవక కదా? నత్రజని ఒక్కటే లెక్కైతే ఆ మాట ఒప్పే. కానీ ఇసుక చెలకకు కొరత నత్రజని ఒక్కటే కాదు. నత్రజనిని, నీటిని పట్టి ఉంచే బంక కూడా కొరతే. యూరియా సంచితో బంక రాదు. చిల్లికుండలో ఎన్ని నీళ్లు పోయాలన్న ప్రశ్న కన్నా చిల్లి ఎట్లా పూడ్చాలన్నది ముందు ప్రశ్న. న్యాయం వైపు నుంచి వచ్చే అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. తోలుకునే ఖర్చు రైతుదే అన్నప్పుడు ట్రాక్టరున్నవాడికీ చెరువు దగ్గరి పొలంవాడికీ మట్టి ముందు దక్కుతుంది. పైవాలులో దూరంగా ఉన్న చెలక, అంటే ఆ మట్టిని పోగొట్టుకున్న అసలు చెలక, వరుసలో చివర నిలబడుతుంది. బాకీ తీరింది గాని అప్పిచ్చినవాడికి తీరలేదు. కౌలు రైతు సంగతి మరీ కష్టం. నోటిమాట కౌలు ఒక్క ఏటిదే కాబట్టి మెల్లగా ఫలమిచ్చే మట్టి అతడికి ఇప్పటికీ పరాయి సొమ్మే. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం డబ్బు కూడా పట్టాదారుకే వెళ్లింది.

భూపాలపల్లికి పోతే బోడినేల ఇంకో రూపంలో కనబడుతుంది. కాకతీయ ఖని పేరుతో సింగరేణి బొగ్గు సంస్థ నడిపే ఉపరితల గనుల దగ్గర బొగ్గు మీది రాయీ మన్నూ తవ్వి పోసిన గుట్టలున్నాయి. అది నేల కాదు, నేల కావలసిన పదార్థం. అందులో ఒకప్పటి వేరు లేదు, పురుగు లేదు, శిలీంధ్రం లేదు. వాలు నిటారు కావడంతో ప్రతి వానా పైపొరను కోసేస్తుంది. ఇట్లాంటి చోట బయోస్టిమ్యులెంట్లకు పని ఉంది. చచ్చిన పదార్థంలో జీవం అంటించడానికి వేరు శిలీంధ్రాలు, నత్రజని నిలిపే సూక్ష్మజీవులు, హ్యూమిక్ పదార్థం మంచి తోడు. ఇంతపెద్ద గుట్టలకు చెరువు మట్టి తోలాలంటే ఊళ్ల చెరువులు చాలవు, తేవడమూ అన్యాయమే. ఆ మట్టి చెలకది. కానీ గుళికలు ఎంత మంచివైనా వాటికి ముందు పై మట్టి కావాలి. గని తవ్వేటప్పుడు పై మట్టిని విడిగా తీసి దాచి తిరిగి పరచడం, ఆ తర్వాత మూడో ఏడూ ఐదో ఏడూ చచ్చిన మొక్క చోట మళ్లీ నాటడం అసలు పని. గని మూసివేతకు ముందే డబ్బు విడిగా ఒక ఖాతాలో జమచేయాలని బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో మార్గదర్శకాలు ఇచ్చిందంటే, మెల్లగా సాగే పనికి పొడవైన ఒప్పందం కావాలన్న పాత సంగతిని ప్రభుత్వం తన భాషలో ఒప్పుకున్నట్టే. మొక్కలు నాటే రాష్ట్ర పథకం హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యంతో బయలుదేరినప్పుడు కూడా అసలు పరీక్ష నాటిన రోజుది కాదు, మూడో ఎండాకాలానిది.

చివరి అభ్యంతరం వ్యాపారులది. కాలం మారింది, మట్టి మోసే మనుషులు లేరు, గుళికే దిక్కు అంటారు. మనుషుల కొరత నిజమే. కానీ గుళికను నమ్మాలంటే దాన్ని పరీక్షించేవారుండాలి. బయోస్టిమ్యులెంట్లను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి కేంద్రం తెచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. 30 వేల దాకా ఉత్పత్తులు అదుపు లేకుండా అమ్ముడవుతూ వచ్చాయని, కట్టుదిట్టం చేశాక దాదాపు 650 మిగిలాయని 2025 జూలైలో కేంద్ర వ్యవసాయ మంత్రే చెప్పారు. చెరువు మట్టి మంచిదో చెడ్డదో రైతు చేత్తో నలిపి కొంత చెప్పగలడు; సీసాలోనిది చెప్పలేడు. అందువల్ల గుళిక వద్దని అర్థం కాదు. మట్టి, మంద, రొట్ట దొరికే చెలకలో అది చివరి తోడు. అవి చేరని రాతిగుట్ట మీద అది ముందు తోడు. రెండుచోట్లా దానితో పాటు రావలసినవి కొన్నేళ్ల కౌలు పత్రం, పైవాలు చెలకకు ముందు మట్టి చేరే వరుస, మంద తిరగడానికి మిగిలిన బంచరాయి. రాష్ట్రంలో మొదటి రైతువేదికను 2020 అక్టోబరు 31న ప్రారంభించింది కొడకండ్లలోనే. రైతులు కూర్చొని మాట్లాడుకోవడానికి కట్టిన ఆ కప్పు కింద ఎండాకాలం ముందు తేలవలసిన లెక్క ఒకటుంది: ఈ ఏడు చెరువు ఎవరి మట్టిని దాచింది, అందులో ఎన్ని ట్రాక్టర్లు మొదట ఏ చెలకకు పోవాలి.